ఒక దారి మూస్తే మరో దారి

చాట్ ప్రోగ్రాముల్లో మాట పంపడం తేలిక, ఫైలు పంపడమే తంటా. మాటంటే నాలుగైదు పదాలు. సర్వరు అందుకుని అవతలివారికి చేరవేస్తుంది. అదే 20 ఎంబీల వీడియో అయితే ఆ బరువు ఎవరి సర్వరు మోయాలి, ఖర్చు ఎవరు భరించాలి? అందుకే తొలినాళ్లలో చాలా ప్రోగ్రాములు ఒక పద్ధతి పెట్టుకున్నాయి: మాట సర్వరు మీదుగా వెళ్తుంది, ఫైలు మాత్రం ఒక కంప్యూటర్ నుంచి నేరుగా మరో కంప్యూటర్‌కు. ఆ పద్ధతి తెచ్చిన చిక్కులను విప్పుకుంటూ వచ్చిన చరిత్రే ఓపెన్ సోర్స్ చాట్‌లో ఫైలు బదిలీ చరిత్ర.

1998లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన గెయిమ్ అనే చాట్ ప్రోగ్రాము, ఏఓఎల్‌తో పేరు వివాదం తీరాక 2007లో పిడ్జిన్ అయింది. దాని లోపలి లైబ్రరీ లిబ్‌పర్పుల్. మ్యాక్ కంప్యూటర్లలో ఏడియంను నడిపేదీ అదే. కాబట్టి ఇందులో ఒకరు చేసిన చిన్న బాగు రెండు ప్రోగ్రాముల వాళ్లకూ అందుతుంది. ఫైలును ముక్కలుగా పంపే తీరు చూడండి. మొదటి ముక్క 4096 బైట్లు. అది ఒక్క ఊపులో పూర్తిగా వెళ్లిపోతే లైనులో ఇంకా చోటుందని అర్థం. తర్వాతి ముక్కను ఒకటిన్నర రెట్లు చేస్తారు. అలా పెంచుకుంటూ 65,535 బైట్ల దగ్గర ఆపుతారు. మంచి లైను ఉన్నవాళ్లకు వేగం వస్తుంది, బలహీనమైన లైను మీద భారం పడదు. ఎవరూ ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు.

అయితే ముక్కలు పంపాలంటే ముందు దారి దొరకాలి. ఇంట్లో కంప్యూటర్‌కు రౌటర్ ఇచ్చే 192.168తో మొదలయ్యే అంకెలు ఆ ఇంటికే పరిమితం. గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ నంబరు తెలియకుండా వచ్చినవాడిని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసినట్టు, బయటి నుంచి పిలవకుండా వచ్చిన కనెక్షన్‌ను రౌటర్ లోపలికి రానివ్వదు. ఇద్దరూ అలాంటి రౌటర్ల వెనుకే ఉంటే నేరుగా కలుసుకోవడం కష్టం.

దీనికి జాబర్ అనే బహిరంగ చాట్ పద్ధతి వాళ్లు వెతికిన జవాబు ఒకటి కాదు, వరసగా కొన్ని. జెరెమీ మిల్లర్ 1999 జనవరిలో ప్రకటించిన జాబర్, 2004లో ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమైంది. దానికి చేర్చే ప్రతి కొత్త పద్ధతికీ ఒక నంబరుతో బహిరంగ పత్రం ఉంటుంది, దాన్నే ఎక్స్‌ఈపీ అంటారు. ఎక్స్‌ఈపీ-0065 ప్రకారం పంపేవారు తమను అందుకోగల చిరునామాలన్నీ జాబితాగా ఇస్తారు: ఇంటి లోపలిది, బయటిది, చివరికి మధ్యవర్తి సర్వరుది. అందుకునేవారు వాటిని ప్రయత్నించి, పనిచేసినదాన్ని ఎంచుకుంటారు. మధ్యవర్తి దగ్గర ఒకరి ఫైలు ఇంకొకరికి చేరకుండా, ఇద్దరి ఐడీలనూ ఆ బదిలీ గుర్తునూ కలిపి తీసిన 40 అక్షరాల హ్యాష్ (వేలిముద్ర లాంటి సంకేతం) చూపించాలి.

అదీ కుదరకపోతే ఎక్స్‌ఈపీ-0047 ఉంది. ఫైలును ముక్కలు చేసి, మామూలు అక్షరాలుగా మార్చి, మాటలు వెళ్లే దారిలోనే పంపేస్తారు. ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి కాబట్టి బరువు మూడో వంతు పెరుగుతుంది. అసలు ఆలస్యం మరోచోట ఉంది. సాధారణంగా ఒక ముక్కకు రసీదు వచ్చాకే తర్వాతిది కదులుతుంది. 20 ఎంబీల ఫైలును 4096 బైట్ల చొప్పున కోస్తే 5,120 ముక్కలు. రసీదు రావడానికి సెకనులో పదో వంతు పట్టినా మొత్తం ఎనిమిదిన్నర నిమిషాలు! నెమ్మదే, కానీ చాట్ నడుస్తున్నంతసేపూ ఫైలూ నడుస్తుంది.

ఈ మెట్లన్నిటినీ ఒక సంభాషణలో ఇమిడ్చినది జింగిల్ అనే ఎక్స్‌ఎంపీపీ పద్ధతి. ఒక దారి మూసుకుపోతే బదిలీని రద్దు చేయకుండానే ఇంకో దారికి మారదామని ప్రోగ్రాములు మాట్లాడుకుంటాయి. మధ్యలో తెగిపోతే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అడగవచ్చు. చివర్లో హ్యాష్ సరిచూసుకుంటే ఫైలు చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక కొత్త చిక్కు. నేరుగా పంపాలంటే ఇద్దరూ ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో ఉండాలి. జేబులో నిద్రపోయే ఫోను, ఒకరికే రెండు మూడు పరికరాలు, ఇరవై మంది గ్రూపు... వీటికి పాత పద్ధతి సరిపోలేదు. 2014లో ఆండ్రాయిడ్‌కు కాన్వర్సేషన్స్ అనే చాట్ యాప్ తెచ్చిన డేనియల్ గుల్చ్, మరుసటి ఏడాది ఎక్స్‌ఈపీ-0363 ప్రతిపాదించారు. ఫైలును సర్వరులో పెట్టి, లింకును సందేశంగా పంపడమే అందులోని పద్ధతి. అవతలివారు ఎప్పుడు లేస్తే అప్పుడు తీసుకుంటారు. దీనికీ మూల్యం ఉంది: ఫైలు కాపీ మూడో మనిషి సర్వరులో మిగులుతుంది. అందుకే ముందే తాళం వేసి పెట్టే పద్ధతి వచ్చింది. తాళంచెవి లింకులో # గుర్తు తర్వాతి భాగంలో ఉంటుంది. ఫైలు అడిగేటప్పుడు ఆ భాగం సర్వరుకు వెళ్లదు. కాన్వర్సేషన్స్, డినో లాంటి ప్రోగ్రాములు సర్వరు దారినీ, నేరుగా వెళ్లే దారినీ రెండింటినీ అట్టిపెట్టుకున్నాయి. ఫైలు సర్వరు పరిమితి దాటినప్పుడు పాత దారే గతి.

వేగం, దారి కుదిరినా భద్రత మిగిలే ఉంటుంది. అవతలివారు చెప్పిన ఫైలు పేరును ప్రోగ్రాము గుడ్డిగా నమ్మకూడదు. పేరులో రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డర్లలోకి దూరడం పాత ఎత్తు. ఎంఎస్ఎన్ చాట్ సేవలో సొంతంగా చేసుకున్న ఎమోటికాన్లు పంపుకునే దారిలో సరిగ్గా ఈ లోపం ఉండడంతో, పిడ్జిన్ వాడేవారి కంప్యూటర్లో ఏ ఫైలునైనా దూరం నుంచి చదివే వీలు కలిగింది. 2010 జనవరిలో 2.6.5 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. మన భాషకు ఇందులో ఇంకో లెక్క ఉంది. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు. ఒక్క ‘శ్రీ’కే 12. అంటే 3 బైట్ల గుర్తులు 85 మాత్రమే పడతాయి. విండోస్ 255 గుర్తుల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన పొడవాటి తెలుగు పేరు లినక్స్‌లో పట్టదు. కత్తిరించేటప్పుడు గుర్తు మధ్యలో కోస్తే చివర చెత్త అక్షరం మిగులుతుంది. ఇంగ్లిష్ పేర్లతోనే పరీక్షించే ప్రోగ్రామర్‌కు ఈ తప్పు కనబడదు. దాన్ని పట్టి దిద్దాల్సింది తెలుగులో వాడేవాళ్లే. కోడ్ తెరిచి ఉంది కాబట్టి దిద్దగలరు కూడా.

ఈ బహిరంగ పత్రాల సంప్రదాయం విలువ ఎంతో చెప్పడానికి మూతపడిన సేవలే సాక్ష్యం. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబరులో ఆగిపోయింది, యాహూ మెసెంజర్ 2018 జులైలో. ఆ కంపెనీల నియమాలను బయటి నుంచి గమనించి, ఊహించి లిబ్‌పర్పుల్‌లో రాసుకున్న బదిలీ కోడ్ ఇప్పుడు ఆ సేవలకు పనికిరాదు. ఎక్స్‌ఎంపీపీ పత్రాలు మాత్రం ఏ ఒక్క కంపెనీ ఆయుష్షుకూ ముడిపడలేదు. ఒక ప్రోగ్రాము మరుగున పడినా, వాటిని చదివి ఇంకొకరు కొత్తది రాయగలరు. అది పాతవాటితో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోగలదు. వేగం కోసం, సౌకర్యం కోసం ఈ పనిలో ఎంత బాగు చేసినా, అది అందరూ చదవగలిగే పత్రంగా మారినప్పుడే తర్వాతివాళ్లకు దక్కుతుంది.