పాఠకుని చిరునామా: తెలుగు ప్రచురణరంగం – సామాజిక మాధ్యమాలు (విమర్శనాత్మక పరిశీలన)

కీలకపదాలు: తెలుగు ప్రచురణరంగం, సామాజిక మాధ్యమాలు, చందాదారులు, పుస్తకజాబితా, పరిశోధనగ్రంథాలు.

1. ప్రవేశిక

తెలుగులో కొత్త పుస్తకం వెలువడిందన్న వార్త నేడు పాఠకునికి తొలుత చేరేది ఎక్కువగా ఫేస్‌బుక్ ద్వారానో, వాట్సాప్ ద్వారానో. ముఖచిత్రం, ఆవిష్కరణసభ ఛాయాచిత్రం, ధర, ఒక ఫోన్ నంబరు – ప్రకటన ఇంతటితో పూర్తవుతుంది. పుస్తకాల దుకాణాలు తగ్గి, కోవిడ్ కాలంలో పలు వారపత్రికల అచ్చు ఆగిపోయి, దినపత్రికల్లో సమీక్షలకు చోటు కుదించుకుపోయిన స్థితిలో చిన్న ప్రచురణకర్త ఈ దారి పట్టటం సహజమే. అతడు ఈ మాధ్యమాన్ని వాడుకోవటంలో దోషం లేదు. దీనినే ఏకైక ఆధారం చేసుకోవచ్చునా అన్నదే విచార్యం. తన పుస్తకం కొనే మనిషి ఎవరో, ఏ ఊరివాడో తెలిసి ఉండటం ప్రచురణవ్యాపారానికి అసలైన మూలధనం. సామాజిక మాధ్యమం ఆ మూలధనాన్ని ప్రచురణకర్త చేతికి ఇవ్వదు. తన వద్దే ఉంచుకొంటుంది.

2. చందాదారుల పట్టిక

1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి కథలకో, పురాణాలకో పరిమితం కాలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రతో మొదలుపెట్టి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను వెలువరించింది. అంతవరకు తెలుగులో అలవాటులేని విషయాలవి. అలవాటులేని సరుకుకు కొనుగోలుదారులను ముందుగా కూడగట్టుకోవలసిందే. ఆ పని చేసిపెట్టింది చందాదారుల పద్ధతి. చందాదారుని పేరు, ఊరు, తపాలా చిరునామా మండలి పుస్తకంలో నమోదై ఉంటాయి. తరువాతి గ్రంథం ఎవరికి పంపాలో మండలికి తెలుసు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించినవారు 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు; 1914లో మద్రాసులో దానిని దినపత్రిక చేశారు; 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. ప్రకటనల కోసమే పత్రిక పెట్టారనటం ఆయనకు అన్యాయం చేయటమే. పత్రికకు ప్రేరణ జాతీయోద్యమం. అయినా ఫలితం గమనింపదగినది. సరుకు, పత్రిక, గ్రంథమాల మూడూ ఒకే చేతిలో ఉండటం వల్ల పాఠకునికీ ప్రచురణకర్తకూ నడుమ మూడో యజమాని లేడు.

ఈ పాతపద్ధతిని స్వర్ణయుగంగా కీర్తించనక్కరలేదు. చందా కట్టగలిగినవారు, తపాలా అందేచోట ఉన్నవారు, అన్నిటికంటె ముందు చదువు దక్కినవారు మాత్రమే ఆ పట్టికలోకి ఎక్కగలిగారు. పట్టిక వెలుపల ఉండిపోయిన తెలుగు సమాజమే పెద్దది.

3. పోస్టు ఎవరికి కనబడుతుంది?

ఆ వెలుపలివారికి సామాజిక మాధ్యమం ద్వారం తెరిచిందన్నది కాదనలేని విషయం. సంపాదకుల పరిచయం లేని యువరచయిత, పత్రికాకార్యాలయాల మెట్లెక్కని దళిత, ఆదివాసీ రచయితలు తమ పుస్తకాన్ని తామే ప్రకటించుకోగలుగుతున్నారు. అమెరికాలోని తెలుగు పాఠకునికి గుంటూరులో అచ్చయిన కవితాసంపుటి సంగతి అదేరోజు తెలుస్తోంది. ఈ మేలును తక్కువచేసే విమర్శ నిలవదు.

అయితే ఈ ద్వారానికి తాళంచెవి ఎవరి వద్ద ఉన్నది? 2018 జనవరి 11న ఫేస్‌బుక్ తన న్యూస్‌ఫీడ్‌లో మిత్రుల, కుటుంబసభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచుతున్నట్లు, సంస్థలు, వ్యాపారాలు పెట్టేవి తగ్గుతాయన్నట్లు ప్రకటించింది. అంతకుముందు ఏళ్లతరబడి పేజీకి అనుచరులను కూడబెట్టుకొన్న ప్రచురణకర్తకు ఆ అనుచరుల సంఖ్య తెరపై కనిపిస్తుంది. ఒక్కరి చిరునామా కూడా చేతిలో ఉండదు. వారికే మళ్లీ చేరాలంటే 'బూస్ట్' పేరిట సొమ్ము చెల్లించాలి. సొంతఖాతాకు మిత్రులు ఐదువేలకు మించరు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా 256 మందితో ఆగుతుంది. అందులోనూ పంపినవారి నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే సందేశం అందుతుంది.

వేదికలే అంతరించిన ఉదాహరణలూ ఉన్నాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. టిక్‌టాక్ సహా 59 యాప్‌లను భారతప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. ఆ వేదికనే నమ్ముకొన్నవారి ప్రేక్షకులు ఒక్కరోజులో చెదిరిపోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు ఆరుగంటలు పనిచేయలేదు. కౌలుకు తీసుకొన్న పొలంలో సొంతఖర్చుతో బావి తవ్వుకొన్న రైతు పరిస్థితికీ దీనికీ భేదం తక్కువ.

4. పరిశోధనగ్రంథం గతి

కవిత్వానికీ, కథకూ ఈ పద్ధతి కొంత ఫలిస్తుంది. అచ్చయిన నెలలోనే వాటిని కొనే పాఠకులుంటారు. సిద్ధాంతగ్రంథాలకు, విమర్శవ్యాసాల సంపుటాలకు, పరిష్కృతప్రతులకు మాత్రం ఇది పెద్దనష్టం తెస్తోంది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కించటంలేదు.

పరిశోధనగ్రంథానికి పాఠకుడు ఆలస్యంగా వస్తాడు. శతకసాహిత్యం మీదనో, మాండలికపదాల మీదనో నేడు వెలువడిన గ్రంథం అవసరమయ్యే విద్యార్థి నాలుగైదేళ్ల తరువాతగాని పరిశోధనలో చేరకపోవచ్చు. అప్పటికి ఆ పోస్టు వేలాది పోస్టుల అడుగున ఉంటుంది. మూసి ఉన్న బృందంలో పెట్టినదైతే వెలుపలినుంచి వెదికినా దొరకదు. దొరికిన పోస్టులో ఉండేదేమిటి? వేదికపై శాలువాలతో నిలుచున్న పదిమంది, వారి చేతుల్లో వంకరగా పట్టుకొన్న పుస్తకం, 'ప్రతులకు ఇన్‌బాక్స్‌లో సంప్రదించగలరు' అన్న వాక్యం. అధ్యాయాలు లేవు, పుటలసంఖ్య లేదు, ముద్రణసంవత్సరం లేదు, చాలాసార్లు ప్రచురణసంస్థ పేరైనా లేదు. ఉపప్రమాణసూచికలో చేర్చటానికి కావలసిన వివరాల్లో ఒక్కటీ దొరకని ప్రకటన అది. సభకు వచ్చినవారి పేర్లు మాత్రం పూర్తిగా ఉంటాయి.

ఇక ఆ ఫోన్ నంబరు. అది చాలావరకు రచయితదే. నంబరు మారితే, రచయిత కాలంచేస్తే, ప్రతులు ఇంటి అటకపై ఉండగానే ఆ గ్రంథం 'అలభ్యం' అవుతుంది. అచ్చులో ఉన్న పుస్తకానికి జిరాక్సుప్రతి కోసం విద్యార్థి తిరగవలసివస్తుంది.

విమర్శభాషపై దీని ప్రభావం మరొకటి. పోస్టు కింద చేరే అభినందనలు సమీక్షస్థానాన్ని ఆక్రమిస్తున్నాయి. రచయిత కళ్లెదుటే, అతని గోడమీదే రాసే వాక్యంలో అభ్యంతరానికి తావుండదు. నూటయాభై 'శుభాకాంక్షలు' పొందిన గ్రంథానికి ఒక్క సమీక్షయినా రాకపోవచ్చు. పుస్తకం ఎన్ని ప్రతులు పోయిందో ఆ సంఖ్య చెప్పదు, ఎవరు చదివారో అసలే చెప్పదు.

5. చేయదగిన పని

ప్రచురణకర్తలు సామాజిక మాధ్యమాన్ని దండోరాగా ఉంచుకొని, దండోరా విని వచ్చినవారి పేరు, ఊరు, చిరునామా వారి అనుమతితో సొంతపుస్తకంలో రాసుకోవాలి. ప్రతి గ్రంథానికీ పూర్తివివరాలతో, ఎవరైనా వెదికి చూడగల సొంతపుట ఒకటి అంతర్జాలంలో నిలపాలి. విశ్వవిద్యాలయ తెలుగుశాఖల గ్రంథాలయాలకు ఏటా జాబితా పంపటం పాతపద్ధతే, దానికయ్యే ఖర్చూ స్వల్పమే. శాఖలవైపునుంచీ లోపముంది: జాబితా అడిగే అధ్యాపకులు అరుదు; ఉచితప్రతి కోసం ఎదురుచూసేవారు ఎక్కువ.

తపాలాఖర్చు ఈ మార్గానికి ప్రధానమైన అడ్డంకి. 2025 మే 1న తపాలాశాఖ ప్రవేశపెట్టిన 'జ్ఞాన్ పోస్ట్' విద్యా, సాంస్కృతిక గ్రంథాలను 300 గ్రాములవరకు 20 రూపాయలకు, ఐదు కిలోలవరకు 100 రూపాయలకు చేరవేస్తుందని ప్రకటించారు, పన్నులు అదనం. వ్యాపారప్రకటనలున్న ప్రచురణలకు ఈ సేవ వర్తించదు. అయితే నిబంధనలో ఒక మినహాయింపు ఉంది: పుస్తకాల జాబితా ఉండవచ్చు. పాత తెలుగు పుస్తకాల చివరిపుటల్లో 'మా ఇతర ప్రచురణలు' అన్న శీర్షికకింద పేరు, రచయిత, వెల వరుసగా ఉండేవి. ఇటీవలి ప్రచురణలనేకంలో ఆ పుటలు ఖాళీగా ఉంటున్నాయి, లేదా రచయిత ఛాయాచిత్రాలతో నిండుతున్నాయి.