లెక్కకు రాని పనులు: హెరాక్లీస్ కథ, తిన్నడి కథ

మన అభ్యుదయ రచయితలకు గ్రీకు పురాణాల్లో దగ్గరి చుట్టం ప్రొమీథియస్. దేవతల దగ్గరి నిప్పును మనుషులకు తెచ్చి యిచ్చి, ఆ నేరానికి కొండకు గొలుసులతో బందీ అయినవాడు. మార్క్స్ 1841లో తన డాక్టరేటు వ్యాసానికి రాసుకున్న ముందుమాటలో అతన్ని తత్వశాస్త్రానికి మహా అమరవీరుడుగా నిలబెట్టాడు. అప్పటినుంచీ ప్రొమీథియస్ మనవాడు. మంచిదే. కాని ఒక ప్రశ్న. రోజూ అతని కాలేయాన్ని పొడుచుకు తినే గద్దను బాణంతో కొట్టి, ఆ గొలుసుల నుంచి అతన్ని విడిపించినవాడెవడు? హెరాక్లీస్. ఆ పేరు మన వ్యాసాల్లో కనబడదు. అతని రోమన్ పేరు హెర్క్యులిస్ మన పల్లెల్లో సైకిలు పేరుగానయినా బతికింది. మన విమర్శలో ఆ మాత్రం చోటు కూడా దక్కలేదు. కండబలం తప్ప ఆలోచన లేని మల్లుడనీ, రాజులు పూజించిన వీరుడు గనుక రాజుల పక్షంవాడేననీ మనం అతన్ని తోసివేశాం.

ఈ తీర్పును తిరగదోడవలసిన అవసరం వుందని నా అభిప్రాయం. అందుకు మా ఏర్పేడుకు పొరుగున వున్న మరొక వేటగాణ్ణి, కాళహస్తి తిన్నణ్ణి, సాక్షిగా పిలుస్తున్నాను.

హెరాక్లీస్ సాహసాలు పన్నెండని అందరికీ తెలుసు: నెమియా సింహాన్ని చంపటంతో మొదలై పాతాళం నుంచి మూడు తలల కుక్కను యీడ్చుకు రావటంతో ముగుస్తాయి. కాని అపొలొడోరస్ పేరుతో మనకు దక్కిన పురాణ సంకలనం జాగ్రత్తగా చదివితే ఒక వింత సంగతి బయటపడుతుంది. మొదట చెప్పిన పనులు పన్నెండు కావు, పది. ఆ పది పనులూ చెప్పినవాడు యూరిస్థియస్ అనే రాజు. బలంలో గాని, ధైర్యంలో గాని హెరాక్లీస్ కాలి గోటికి చాలడు. చచ్చిన సింహాన్ని చూసి జడుసుకున్నాడు, ఊరి గుమ్మం దాటి లోపలికి రావద్దని శాసించాడు, తాను దాక్కోవటానికి భూమిలో ఒక కంచు గోలెం పాతిపెట్టించుకున్నాడు. ఆపైన ఆజ్ఞలన్నీ దూత నోటివెంటే పంపాడు. పని చేసే చేతికీ, పని చెప్పే నోటికీ మధ్య ఎంత దూరం వుంటుందో యింతకంటే బాగా ఏ అర్థశాస్త్ర గ్రంథం చెప్పగలదు?

మరి పది పన్నెండెట్లా అయినయి? లెర్నా చిత్తడినేలలో హైడ్రా అనే సర్పం తల ఒకటి నరికితే రెండు మొలుస్తున్నాయి. హెరాక్లీస్ తమ్ముడి కొడుకు ఇయోలాస్ కొరివి పట్టుకొని నిలబడి, తెగిన మెడనల్లా కాల్చాడు. ఇద్దరూ కలిసి చేశారు గనుకనే పని ముగిసింది. యూరిస్థియస్ మాత్రం, మరొకడి సాయం తీసుకున్నావు గనుక యిది లెక్కకు రాదన్నాడు. తరువాత ఆజియస్ పశువుల కొట్టాలు. అందులో పేరుకుపోయిన పేడను ఒక్క రోజులో తీసివేయాలి. హెరాక్లీస్ మందలో పదోవంతు కూలిగా యిమ్మని ముందే మాట తీసుకొని, రెండు నదులను మళ్ళించి కొట్టాలు కడిగించాడు. పని అయ్యాక ఆజియస్, యిది యూరిస్థియస్ ఆజ్ఞ ప్రకారం నువ్వెట్లాగూ చేయవలసిన పనే గనుక కూలి లేదన్నాడు. వివాదం తగవరుల ముందుకు పోయింది. ఆజియస్ కొడుకు ఫైలియస్, తండ్రి కూలి యిస్తానన్న మాట నిజమేనని సాక్ష్యం చెప్పాడు. తీర్పు రాకముందే తండ్రి యిద్దరినీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు. ఇటు యూరిస్థియస్సేమో, కూలి మాట్లాడుకొని చేశావు గనుక యిదీ లెక్కకు రాదన్నాడు. ఆ విధంగా రెండు పనులు కొట్టివేసి, మరో రెండు పైన వేశాడు.

ఈ కథ చెప్పినప్పుడు ఒక కుర్రవాడు అడిగాడు: "అయ్యవారూ, చేయించుకున్నవి పన్నెండు, లెక్కలో పది. మిగిలిన రెండిటికీ కూలెవరిచ్చినట్టు?" పాఠంలో లేని ఆ ప్రశ్నే యీ కథకు అసలు తాళంచెవి. నలుగురితో కలిసి చేస్తే అది పని కాదు. కూలి అడిగితే అది పని కాదు. ఒంటరిగా, ఉచితంగా, తలవంచుకొని చేస్తేనే పని. ఇది కంచు గోలెంలో దాక్కున్న రాజు నీతి. ఏ కాలంలోనైనా చేయించుకునేవాడి నీతి యిదే. హెరాక్లీస్ గొప్పదనం సింహాన్ని చంపటంలో కంటే, ఆ లెక్కలోని మోసం మనకు కనబడేటట్టు చేయటంలో ఎక్కువగా వుంది.

అయితే అతన్ని శ్రామికవర్గ ప్రతినిధి అని పొగడటం తొందరపాటే అవుతుంది. అతను భార్య మెగారాకు పుట్టిన బిడ్డలను ఉన్మాదంలో చంపుకున్నవాడు. సంగీతం నేర్పే గురువు దండించాడని వీణతో కొట్టి చంపినవాడు. అయోలి అనే పిల్ల కోసం ఒక పట్నాన్ని కొల్లగొట్టినవాడు. ఈ నెత్తుటిని కడిగివేసి మనకు నచ్చిన బొమ్మ గీసుకుంటే, అది రాజుల ఆస్థాన కవులు చేసిన పనికి తలకిందుల రూపమే.

ఈ చిక్కును గ్రీకు కవే ఒకడు మనకంటె ముందు పట్టుకున్నాడు. వాడుకలో వున్న కథ ప్రకారం బిడ్డల హత్య ముందు, పన్నెండు పనులు తరువాత. అంటే పనులు ఆ పాపానికి ప్రాయశ్చిత్తం. క్రీ.పూ. 5వ శతాబ్దంలో యూరిపిడీస్ తన నాటకంలో యీ వరసను తిప్పివేశాడు. పనులన్నీ ముగించుకొని యింటికి వచ్చిన హెరాక్లీస్ మీదికి, ద్వేషంతో హేరా దేవత ఉన్మాదాన్ని పంపుతుంది. శ్రమ యిప్పుడు పాపానికి శిక్ష కాదు. శ్రమకు దక్కిన బహుమానమే వినాశం. చివర అతన్ని ఆదుకునేది దేవుడు కాదు, స్నేహితుడైన థీసియస్ భుజం. సంఘటనలు అవే, వరస మారింది, అర్థం తలకిందులయింది. పురాణ వస్తువును తీసుకున్న రచయితకు స్వేచ్ఛ ఎంత వుందో, బాధ్యత ఎంత వుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

మరి అతని వారసత్వాన్ని అనుభవించినవారెవరు? మాసిడోనియా రాజులు తాము అతని వంశంవారమన్నారు. అలెగ్జాండరు వెండి నాణేల మీద సింహచర్మం కప్పుకున్న హెరాక్లీస్ తల వుంటుంది. క్రీ.పూ. 326లో సింధునది ఎగువన వున్న ఆర్నాస్ కొండకోటను, హెరాక్లీస్ కూడా పట్టలేకపోయాడన్న కథ విని, పట్టుదలగా ముట్టడించి పట్టుకున్నాడు. రోమన్ చక్రవర్తి కొమోడస్ అతని వేషం వేసుకొని శిల్పాలు చెక్కించుకున్నాడు. కొట్టంలో పేడ కడిగినవాడు దండయాత్రలకు దస్తావేజు అయినాడు. చంద్రగుప్త మౌర్యుడి ఆస్థానానికి వచ్చిన మెగస్తనీసు, హెరాక్లీస్ తన కూతురు పాండాయాకు దక్షిణాపథంలో ఒక రాజ్యాన్ని యిచ్చాడని కూడా రాశాడు. పాండ్యుల పేరు విని అల్లిన కథ కావచ్చు. దక్షిణ దేశానికి కూడా గ్రీకు పట్టా రాసిన కథ అది.

అతన్ని వెతుక్కుంటూ దక్షిణాదికి వస్తే, మనకు ఎదురయ్యేది అతని కూతురు కాదు, అతని సాటివాడు. పొత్తపినాటి ఉడుమూరు బోయ నాయకుడి కొడుకు తిన్నడు. అతని కథను 12వ శతాబ్దంలో తమిళంలో సేక్కిళార్ పెరియపురాణంలోనూ, 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోనూ, 16వ శతాబ్దంలో ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలోనూ చెప్పారు. గ్రీసునుంచి మనకు కథ వచ్చిందనిగాని, మననుంచి వారికి పోయిందనిగాని నేను అనటం లేదు. వేటాడి బతికే మనుషులు, వారిమీద లెక్క రాసే మనుషులు రెండుచోట్లా వున్నారు, అంతే.

తిన్నడు వేటాడిన మాంసాన్ని కాల్చి, రుచి చూసి, బాగున్న ముక్కలు ఏరి లింగానికి పెట్టాడు. పుక్కిట పట్టి తెచ్చిన నీళ్ళతో అభిషేకం చేశాడు. పొద్దున వచ్చిన పూజారి దృష్టిలో యిది పూజ కాదు, అపచారం. అంటే యిక్కడా ఒక యూరిస్థియస్ వున్నాడు: ఎంగిలి గనుక లెక్కకు రాదు, మాంసం గనుక లెక్కకు రాదు. గ్రీకు కథలో ఆ లెక్కను సరిచేసేవాడెవడూ లేడు. మన కథలో దేవుడే సరిచేస్తాడు, ఆ ఎంగిలే తనకు యిష్టమంటాడు. కులవ్యవస్థ గడ్డకట్టిన దేశంలో యిది చిన్న మాట కాదు.

ముగ్గురిలోనూ ధూర్జటి చేసిన ఒక పని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అతని తిన్నడు ముందు భక్తుడు కాడు, ముందు వేటగాడు. బోయపల్లె జీవితం, వేట సరంజామా, అడవి అలికిడి కవి కళ్ళారా చూసినట్టు కనబడతాయి. అడవిలో ఒంటరిగా పడివున్న శివుణ్ణి చూసి జాలిపడి, మా వూరికి రమ్మని తిన్నడు బతిమాలుతాడు, అక్కడ ఏమేమి సదుపాయాలున్నాయో ఏకరువు పెడతాడు. ఇది మొక్కుకునేవాడి గొంతు కాదు. ఆకలిగొన్న అతిథికి అన్నం పెట్టగల సంపాదనపరుడి గొంతు. కృష్ణరాయల ఆస్థానంవాడని పేరున్నా శతకంలో రాజులను అసహ్యించుకున్న కవి, తన గౌరవాన్నంతా యీ బోయవాడికి యిచ్చాడు.

అయినా కథ ముగిసేది గుడిలో; ఉడుమూరులో కాదు. ఒక కన్ను పెరికి యిచ్చి, రెండోదాని చోటు తెలియటానికి కాలు ఆనించి నిలిచిన ఘట్టం ముందు వేట, వంట, ఆతిథ్యం అన్నీ వెలవెలపోయినయి. జనం జ్ఞాపకంలో విల్లు తగ్గి కన్ను మిగిలింది. 1954లో వచ్చిన కాళహస్తి మహాత్మ్యం నుంచి, 1976 నాటి భక్త కన్నప్ప, 2025 నాటి కన్నప్ప దాకా సినిమాలు కూడా ఆ కంటివైపే నడిచాయి. శ్రమజీవి యిచ్చినది కాదు, తన్ను తాను పోగొట్టుకున్నదే గొప్పదని చెప్పటం పాలకులకు ఎప్పుడూ సుఖమే.

ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం వున్నది. అక్కడి లింగం మీద చెక్కిన శివుడికి రెండే చేతులు. ఒక చేత పొట్టేలు వేలాడుతున్నది, ఇంకొక చేత చిన్న కుండ, భుజం మీద గొడ్డలి; ఒంటిమీద జందెం లేదు. క్రీస్తుకు పూర్వపు శిల్పమని చాలామంది పండితుల అభిప్రాయం. అది తిన్నడి బొమ్మ అని ఎవరూ అనలేరు. కాని ఆ శిల్పి కాలంలో దేవుడు వేటగాడిలాగా, కాపరిలాగా నిలబడటానికి సిగ్గుపడలేదని మాత్రం అనవచ్చు. కాళహస్తిలో నేటికీ శివరాత్రి బ్రహ్మోత్సవాలకు తొలి ధ్వజం కన్నప్ప కొండమీదనే ఎగురుతుంది. నైవేద్యంలో మాత్రం అతని మాంసానికి చోటులేదు.

గుడి బయట సంగతి యింకా కఠినం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవికి గేటు పెట్టింది. నేరస్థ జాతుల చట్టం యెరుకలవంటి కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. 1952లో గాని అది రద్దు కాలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా వేటను హక్కుల్లో చేర్చలేదు. వన్యమృగాలు అంతరించే రోజుల్లో వేట తలుపులు తెరవమని నేను అడగటం లేదు. నేను అడిగేది లెక్క. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది చనిపోయారు. ఎర్రచందనం దుంగల కోసం వచ్చారని పోలీసులన్నారు. తమిళనాడు పల్లెలనుంచి వచ్చిన పేదలు వారు. దుంగలను రేవులు దాటించి సొమ్ము చేసుకునేవాడు ఏ గోలెంలో వున్నట్టు?

వీరగాథలన్నీ భూస్వామ్య చెత్త అని పారవేసేవారూ, వీరులందరూ మనవారేనని జెండా కప్పేవారూ యిద్దరూ యీ ప్రశ్న వేయరు. పాత కథ చేతికి వచ్చినప్పుడు విమర్శకుడు అడగవలసినవి మూడు: పని చేసిందెవరు? లెక్క రాసిందెవరు? ఆ లెక్కలో కొట్టివేసిన పని ఏది? మన పట్టికలో హెరాక్లీస్ పేరు వుంటే చాలదు. కొరివి పట్టిన ఇయోలాస్ వుండాలి, తండ్రికి ఎదురు సాక్ష్యం చెప్పిన ఫైలియస్ వుండాలి. తిన్నడి కన్ను ఒక్కటే వుంటే చాలదు. అతని విల్లూ, అతను కాల్చి తెచ్చిన మాంసమూ వుండాలి. వాటిని తిరిగి లెక్కలోకి ఎక్కించటమే మన పని.