రేసు వేగాన్ని నిజంగా నడిపి చూపిన సినిమాలు

కారు రేసు సినిమా తీయడం ఎంతసేపు అనుకునేవాళ్లున్నారు. నాలుగు కార్లు, ఒక మలుపు, కాస్త పొగ, చెవులు గింగిరుమనే చప్పుడు ఉంటే చాలనుకుంటారు. వాళ్లను 1966 నాటి 'గ్రాండ్ ప్రి' ముందు కూర్చోబెట్టాలి. జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన ఈ చిత్రాన్ని దాటిన రేసు సినిమా ఇంతవరకూ రాలేదన్నది నా గట్టి నమ్మకం. స్టీవ్ మెక్వీన్ అభిమానులు ఒప్పుకోరని తెలుసు. వాళ్ల సంగతికీ వస్తాను.

హాలీవుడ్‌కు రేసు కథలు కొత్త కాదు. హోవార్డ్ హాక్స్ 1932లోనే 'ది క్రౌడ్ రోర్స్' తీశాడు. అయితే ఆ కాలంలో హీరో దగ్గరి షాటు రాగానే కారు స్టూడియోలోకి చేరేది. వెనక తెర మీద రోడ్డు పరిగెత్తుతుంటే ఆయన స్టీరింగ్ అటూ ఇటూ తిప్పేవాడు. మన పాత సినిమాల్లోనూ చూసిన పద్ధతే. కారు ఎంత వేగంగా పోతున్నా మనిషి మాత్రం కుదురుగా కూర్చుంటాడు.

ఫ్రాంకెన్‌హైమర్ ఆ పద్ధతిని గడప తొక్కనివ్వలేదు. నటులకు రేసు డ్రైవింగ్ నేర్పించి ట్రాక్ మీదికి పంపాడు. ఫార్ములా త్రీ కార్లకు ఫార్ములా వన్ రూపం తొడిగించాడు. డెబ్భై ఎం.ఎం. చిత్రానికి వాడే బరువైన కెమెరాలను కార్లకే బిగించి, దూరం నుంచి తిప్పే ఏర్పాటు చేయించాడు. హీరో జేమ్స్ గార్నర్ తన కారు తానే నడిపాడు. మలుపులో ఆయన తల ఒక పక్కకు లాక్కుపోతుంది, దవడ బిగుస్తుంది, ముందు చక్రం చిన్నగా ఎగిరి మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది. ఏ నటనా శిక్షణ ఆ దవడను అలా బిగించగలదు?

వెంట నడిచే కెమెరా కారు ఎవరి చేతిలో పెట్టారనుకున్నారు? 1961 ప్రపంచ చాంపియన్ ఫిల్ హిల్ చేతిలో! బెల్జియంలోని స్పాలో అసలు రేసు మొదలైనప్పుడు ఆయన కెమెరా కట్టిన కారుతో వెనకే బయల్దేరాడు. ఆ మొదటి ల్యాప్‌లోనే వాన కురిసి కార్లు వరసగా జారిపోయాయి. మొనాకోలో కారు సముద్రంలోకి ఎగిరే దృశ్యం కూడా ఊరికే అల్లింది కాదు. 1955లో రేసు డ్రైవర్ అల్బెర్టో అస్కారి అక్కడే నీళ్లలో పడి బతికి బయటపడ్డాడు.

నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసేది హెల్మెట్ల సంగతి. బ్రయాన్ బెడ్‌ఫర్డ్ పాత్ర బీఆర్ఎం కారు నడుపుతుంది, గళ్ల పట్టీ హెల్మెట్ పెట్టుకుంటుంది. ఆ కారూ ఆ హెల్మెట్టూ ఆ ఏడాది అసలు రేసుల్లో పోటీపడిన డ్రైవర్ జాకీ స్టివార్ట్‌వి. కాబట్టి అసలు రేసులో స్టివార్ట్‌ను తీసిన ముక్కను కథలో ఎక్కడ అతికినా అతుకు కనిపించదు. బెడ్‌ఫర్డ్‌కు డ్రైవింగ్ పట్టుబడకపోయినా ప్రేక్షకుడు పసిగట్టలేడు. ఇక సాల్ బాస్ చేసిన టైటిళ్లు! నట్టు బిగిస్తున్న ఒక రెంచి, చూస్తుండగానే అదే బొమ్మ తెరంతా గళ్లుగళ్లుగా పరుచుకుంటుంది. రేసు మొదలవకముందే గుండె దడ మొదలవుతుంది. ఎడిటింగ్‌కు, శబ్దానికి, శబ్ద ప్రభావాలకు మూడు ఆస్కార్లు వచ్చాయి. ప్రేమకథలు సాగాయని సణిగేవాళ్లు సణగనీ.

ఇక మెక్వీన్ అభిమానుల సంగతి. ఆయన 'లె మాన్స్' 1971లో వచ్చింది. అరగంట దాటేదాకా ప్రధాన పాత్రల సంభాషణే ఉండదు. లౌడ్‌స్పీకర్ ప్రకటనలు, ఇంజన్లు, రేసు మొదలయ్యే ముందు గుండె చప్పుడు, అంతే. అంత ధైర్యం ఏ స్టార్‌కు ఉంటుంది? 1970 లె మాన్స్ రేసులోనే పోర్షె 908 ఒకటి కెమెరాలు మోస్తూ పరిగెత్తింది. చిత్రీకరణలో జరిగిన ప్రమాదంలో డ్రైవర్ డేవిడ్ పైపర్ కాలు పోగొట్టుకున్నాడు. ఆ సినిమాకు చేతులెత్తి దండం పెడతాను. అయినా రేసు వెనక ఉన్న మనిషిని చూపడంలో అది 'గ్రాండ్ ప్రి' వెనకే ఉండిపోయింది.

ఇంత కష్టం తర్వాత వచ్చిందేమిటి? 2001లో 'డ్రివెన్'! ప్రమాదం జరిగితే కంప్యూటర్ కారు గాల్లో గిరగిరా తిరుగుతుంది. దానికి బరువుండదు, టైరుకు రోడ్డుతో పనుండదు. ఎగిరినప్పుడు భయం వేయదు, పడినప్పుడు నొప్పి తెలియదు. మనుషులు ప్రాణాలు ఒడ్డి నిలబెట్టిన విద్యను ఇంత చవక చేస్తారా! ఆ తర్వాత వచ్చిన ఛేజింగుల్లో ఎన్నో ఇదే దారి పట్టాయి. మన కుర్రకారు దాన్నే వేగమనుకుంటున్నారు. నా బాధంతా అక్కడే.

విద్య పూర్తిగా పోలేదు. 2019 నాటి 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'కి వచ్చిన రెండు ఆస్కార్లూ ఎడిటింగ్‌కు, శబ్దానికే. 2025లో 'ఎఫ్1' కోసం ఫార్ములా టూ కార్లకు ఫార్ములా వన్ రూపం ఇచ్చి బ్రాడ్ పిట్ చేత నడిపించారు. ఫ్రాంకెన్‌హైమర్ కిటుకే అది!

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు జరిగింది. ఆ ఒడ్డునే పెద్ద తెరలున్న థియేటర్ ఉంది. ఫిల్మ్ క్లబ్బులవాళ్లకు, థియేటర్ యజమానులకు ఒక్కటే మనవి: 'గ్రాండ్ ప్రి'ని ఒక్క ఆదివారం ఆ తెర మీద వేయండి. అంచులు కత్తిరించకండి, ఇంటర్వెల్ తీసేయకండి, సౌండ్ తగ్గించకండి.