శోధన పుట, అంధ పాఠకుడు

చూపులేని విద్యార్థికి గూగుల్ పుట తెరువబడలేదనుకొందము. చుట్టునున్నవారు చెప్పునది సాధారణముగా ఒక్కటే: "నీ యంత్రము చెడినది, ఆపి మరల నడుపుము." ఈ సలహా ఒక్కొక్కప్పుడు పనిచేయును. పనిచేయని సందర్భములే విమర్శింపదగినవి. ఏలననగా, పుస్తకములు బ్రెయిలీలో దొరకని చోట ఆ విద్యార్థికి ఈ పుటయే గ్రంథాలయము.

స్క్రీన్ రీడరు అను ప్రోగ్రాము తెరమీది బొమ్మను చూచి చదువదు. పుట వెనుకనున్న గుర్తులను, అనగా ఇది శీర్షిక, ఇది లంకె, ఇది వ్రాయవలసిన గడి అను సూచనలను, ఆధారముగా గొని పలుకును. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధుడు ఆరంభించిన ఎన్.వి.డి.ఎ. ఇట్టిది, ఉచితముగా లభించును. అందలి ఈస్పీక్ గొంతు తెలుగును కూడ చదువును, యాంత్రికముగానే యనుడు. గూగుల్ తన ఫలితముల పేర్లను శీర్షికలుగా గుర్తించుట మెచ్చుకొనదగిన పని. హెచ్ మీటను నొక్కినకొలది గొంతు ఒక ఫలితము నుండి మరియొక దానికి సాగును.

చిన్న చిక్కులు లేకపోలేదు. గడిలో 'హంపి' అని వ్రాయబోగా అక్షరములు పడక గొంతు ఎక్కడెక్కడికో పోవును. అప్పుడు మీటలు అక్షరములుగా గాక ఆజ్ఞలుగా పనిచేయుచున్నవన్నమాట. ఇన్సర్టు, స్పేసు మీటలను కలిపి నొక్కిన స్థితి మారును. తెలుగు ఫలితముల వద్ద గొంతు మూగవోయినచో, తెలుగు రాని గొంతును ఎన్నుకొనియుండవచ్చును. ఇవి విద్యార్థి చేతిలోని సంగతులు.

చేతిలో లేనివి వేరు. 2025 జనవరిలో గూగుల్ తన శోధనకు జావాస్క్రిప్టును తప్పనిసరి చేసినది. ఇది బ్రౌజరు లోపల నడచు ప్రోగ్రాముల భాష. మనుష్యులవలె నటించు యంత్రములను అరికట్టుటకే ఈ నియమమని సంస్థ చెప్పినది. ఆ బెడద నిజమే. కాని చుక్కలు లేచి దిగుచు వ్రేళ్లకు అక్షరములు తెలుపు పాత బ్రెయిలీ పరికరములు కొన్నింటి బ్రౌజరులకు ఆ భాష సరిగా రాదు. చుక్కలు నిన్నటివలెనే లేచుచున్నవి, మీటలు చెడలేదు, పుట మాత్రము రాదు. దీనిని పరికరదోషమనుట న్యాయమా? డక్‌డక్‌గో అను మరియొక శోధన యంత్రము జావాస్క్రిప్టు అక్కరలేని సాదా పుటనొకదానిని ఉంచినది గదా!

అన్నిటికంటె కఠినమైనది 'క్యాప్చా'. వంకర అక్షరములనో బొమ్మలనో చూపి, గుర్తించినవాడే మనుష్యుడని నిర్ణయించు పరీక్ష ఇది. లూయిస్ ఫాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్ మొదలగువారు 2003లో దీనిని గూర్చి పరిశోధనపత్రము ప్రకటించిరి. ఇది అంధులకు అడ్డగోడ యగునని వెబ్ ప్రమాణములను రూపొందించు డబ్ల్యు త్రీ సి సంస్థ 2005లోనే హెచ్చరించినది. వసతిగృహములో అనేక కంప్యూటర్లు ఒకే ఇంటర్నెట్టు చిరునామాతో బయటికి పోవుచున్నచో గూగుల్ అనుమానించి ఈ పరీక్షను పెట్టవచ్చును. బొమ్మకు బదులు వినికిడి పరీక్షయు కలదు. కాని అది పలుకుచుండగా స్క్రీన్ రీడరు కూడ పలికి రెండు గొంతులు కలిసిపోవును. చూపుతోబాటు వినికిడియు లేనివారు బ్రెయిలీ చుక్కలనే నమ్ముకొందురు. వారికి బొమ్మయు పనికిరాదు, ధ్వనియు పనికిరాదు. తాము మనుష్యులమని వారు ఏ విధముగా చెప్పుకొందురు?

దోషమెక్కడ నిలిచినదో ఉపాధ్యాయులు కనుగొనవచ్చును. ముందుగా మరియొక వెబ్‌సైటును తెరచి చూడవలెను. తెరువబడినచో పరికరము చెడలేదని తెలియును. పిదప అదే శోధన పుటను మొబైలు ఫోను ఇంటర్నెట్టుపై ప్రయత్నింపవలెను. క్యాప్చా తొలగినచో అనుమానము విద్యార్థి మీద గాదు, బడి ఇంటర్నెట్టు చిరునామా మీద. కడపట చూపుగల విద్యార్థి యొకడు మౌసును ప్రక్కనబెట్టి, మీటలతోనే ఫలితము వరకు పోవుటకు యత్నింపవలెను. అతడును చిక్కుకొన్నచో ఆ దోషము పుటదే. ఆ చోటును, తేదీని, బ్రౌజరు పేరును, గొంతు పలికిన మాటలను ఉన్నవున్నట్లు వ్రాసి పంపుటకు గూగుల్‌లో వికలాంగుల సహాయ విభాగము కలదు.