పొరుగింటి సొగసు

డెరిక్ బోర్టే 2009లో తీసిన ‘ది జోన్సెస్’ అను అమెరికా చలనచిత్రములో, ధనికుల పేటకు నలుగురు వచ్చి దిగుదురు. చూపునకు తలిదండ్రులు, ఇద్దరు పిల్లలు. నిజమునకు వ్యాపార సంస్థవారి జీతగాండ్రు. వారి కారును, దుస్తులను చూచి పొరుగువారు తామును కొనవలెనని ఏర్పాటు. ఇంతవరకు నవ్వుదుము.

ప్రక్కింటి లారీ చెడ్డవాడు కాడు. భార్యను సంతోషపెట్టగోరి, ‘తండ్రి’ వేషధారియైన స్టీవ్ మాట నమ్మి, కొని కొని అప్పులపాలగును. తుదకు గడ్డి కోయు యంత్రమునకు తన్ను కట్టుకొని ఈతకొలనులో మునిగి చనిపోవును.

స్టీవ్ అందరియెదుట నిజము ఒప్పుకొనును. మంచిదే. కాని వెంటనే దర్శకుడు అతనిని ‘తల్లి’ వేషము వేసిన కేట్‌తో కలిపి పంపివేసి, మనలను సంతోషించుమనుచున్నాడు. ఎందుకంత తొందర? నా మనస్సు వారి వెంట పోలేదు. లారీ భార్య సమ్మర్ యింటనే నిలిచిపోయినది.