ముందు మనుషులు, తర్వాత క్యాబిన్

అక్టోబరు వచ్చిందంటే అట్లాంటా, షార్లెట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: థాంక్స్‌గివింగ్‌కి స్మోకీ మౌంటెన్స్‌లో క్యాబిన్ తీసుకుందామా? అన్న వెంటనే ఫొటోలు వచ్చిపడతాయి. హాట్ టబ్, పూల్ టేబుల్, డెక్ మీద నుంచి కనిపించే కొండల వరుసలు. మూడు నాలుగు కుటుంబాలు, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు అందరూ రెండు మూడు రోజులు ఒకే కప్పు కింద ఉంటారు. అయినవాళ్లకు దూరంగా బతికే మనకు అది చిన్న విషయం కాదు. ఏళ్లుగా ఇలాంటి ప్రయాణాల ఏర్పాట్లు చూస్తున్నదాన్ని కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను. క్యాబిన్ వెతకడం రెండో పని. వచ్చేవాళ్ల గురించి ఆలోచించడం మొదటి పని.

పెళ్లి వంట మాట్లాడుకోవడానికి వచ్చిన వంటమేస్త్రి ముందుగా ఎన్ని విస్తళ్లు లేస్తాయని అడుగుతాడు. కూరల సంగతి ఆ తర్వాతే. ఇదీ అంతే. ఎవరెవరు వస్తున్నారు, వాళ్లలో నడవలేనివారు ఎవరు, రాత్రిపూట బండి నడపలేనివారు ఎవరు, చంటిపిల్లలు ఎందరు అన్నది తేలితే, చూడాల్సిన క్యాబిన్లు వందలోంచి పదికి వస్తాయి.

ఆ కొండల అంచున ఉన్న గాట్లిన్‌బర్గ్, పీజన్ ఫోర్జ్ ఊళ్ల చుట్టూ ఉన్న క్యాబిన్లలో చాలావాటిని కొండవాలు మీద కట్టారు. బండి ఆపే చోటు ఒక ఎత్తులో, తలుపు ఇంకో ఎత్తులో ఉంటాయి. ఫొటోల్లో మెట్లు కనపడవు. పద్నాలుగు మంది పడుకోవచ్చని రాసిన చోట ఆ లెక్కలో సోఫా బెడ్లు, బంక్ బెడ్లు, పైన తలుపులేని లాఫ్ట్ కూడా కలిసే ఉంటాయి. ఆ లాఫ్ట్‌లో అత్తమామలను పడుకోబెట్టలేం, పాకే పిల్లలను వదిలిపెట్టనూ లేం. అందుకే డబ్బు కట్టకముందే ఓనరుకు మెసేజ్ పెట్టి నాలుగు సంగతులు కనుక్కుంటాను. కారు దగ్గర నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లు? తలుపు తీసిన అంతస్తులోనే ఒక పడకగది, స్నానాలగది ఉన్నాయా? డ్రైవ్‌వే ఎంత ఏటవాలుగా ఉంటుంది, కంకరదా, సిమెంటుదా? మంచు పడితే మామూలు కారు ఎక్కుతుందా?

మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఒకసారి ఫోన్‌లో క్యాబిన్ ఫొటోలు చూపిస్తుంటే ఆవిడ కళ్లు కొండల మీద నిలవలేదు.

"మెట్లెన్నమ్మా?" అన్నారు.

"వాకిట్లో ఆరున్నాయి అత్తయ్యా. పట్టుకోడానికి కమ్మీ ఉందట. మీ గది కిందే."

"బాత్రూమూ?"

"గదిలోనే ఉంది."

"అయితే నేనూ వస్తాన్లే."

ఆ మాట వినేదాకా ఆవిడ ఇంట్లోనే ఉండిపోవాలని అనుకుంటున్నట్టు మాకెవరికీ తెలియదు. పెద్దవాళ్లు తమ కష్టం పైకి చెప్పరు, రామంటారు అంతే. వాళ్లు అడక్కముందే జవాబు కనుక్కుని ఉంచడమే ఏర్పాట్లు చేసేవారి పని.

రెండో సంగతి వేళ. అట్లాంటా నుంచి గాట్లిన్‌బర్గ్ సుమారు 200 మైళ్లు, మామూలుగా నాలుగు గంటల దారి. పిల్లలతో, పెద్దలతో, లాంగ్ వీకెండ్ ట్రాఫిక్‌తో ఆరు గంటలు అనుకోవాలి. నవంబరు చివర్లో అక్కడ ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఆఖరి రెండు మైళ్లు వంపులు తిరిగే ఇరుకు రోడ్లు. వీధి దీపాలుండవు, ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని నేను టైమును వెనక నుంచి లెక్కవేస్తాను. నాలుగింటికి క్యాబిన్ ముందు ఉండాలంటే ఇంటి దగ్గర పదింటికల్లా బండి కదలాలి. మ్యాపు ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. తలుపు తాళం కోడ్, ఓనరు నంబరు ప్రతి కారులోనూ కాగితం మీద రాసి ఉండాలి. చెరోకీ ఊరి మీదుగా కొండ దాటే 441 రోడ్డు మంచు పడితే మూసేస్తారు. కాబట్టి బయల్దేరే ఉదయం స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు వాళ్ల రోడ్ల సమాచారం చూసుకోవాలి. ఇంకో దారి తెలిసి ఉండాలి.

ఈ జాగ్రత్త అతి అనిపించేవాళ్లకు 2016 గుర్తు చేస్తాను. ఆ ఏడాది నవంబరు 28 రాత్రి పెనుగాలులకు పార్కులోని కార్చిచ్చు గాట్లిన్‌బర్గ్ మీదకు వచ్చింది. పద్నాలుగు మంది చనిపోయారు, రెండు వేలకు పైగా కట్టడాలు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. క్యాబిన్‌లో అడుగుపెట్టగానే మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో, కిందికి దిగే దారులెన్నో చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. రాత్రి లేవాల్సివస్తే ఏ పెద్దాయనను ఎవరు లేపాలో కూడా అప్పుడే అనుకోవాలి.

ఇక వంట. మనవాళ్లు హోటల్ వదిలి క్యాబిన్ ఎంచుకునేదే వంటిల్లు ఉంటుందని. ఆ వంటిల్లు ఎవరి మీద పడుతుందన్నదే నన్ను ఎప్పుడూ బాధపెట్టే ప్రశ్న. చాలా ప్రయాణాల్లో మగవాళ్లు డెక్ మీద కబుర్లలో ఉంటారు. ఆడవాళ్లు ఇంటి పొయ్యి దగ్గర నుంచి కొండమీది పొయ్యి దగ్గరకు మారతారు, అదీ నలుగురికి బదులు పదహారు మందికి వండటానికి. నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. పూటకో కుటుంబం అని పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాను. వండేవారి పేరు పక్కనే అంట్లు తోమేవారి పేరూ ఉంటుంది. భార్య వండితే భర్త తోముతాడు, భర్త వండితే భార్య తోముతుంది. కాగితం మీద పేరు కనిపిస్తే ఎవరూ కాదనరు. రాయకపోతే ఆ పని ఎప్పుడూ చేసేవాళ్ల మీదే పడుతుంది.

భారం తగ్గించే పని ఇంటి దగ్గరే సగం చేసుకోవచ్చు. చికెన్‌కు ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, పెరుగు పట్టించి, జిప్‌లాక్ సంచుల్లో పలకల్లా పరిచి ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి. కూలర్‌లో అవే ఐసు ముక్కల పని చేస్తాయి, రెండోరోజు సాయంత్రానికి వండటానికి సిద్ధంగా ఉంటాయి. ఇడ్లీ పిండి ఇంట్లోనే పులియబెట్టి తీసుకెళ్లాలి, కొండమీది చలికి అక్కడ పులియదు. దారిలోకీ, మొదటి రాత్రికీ పులిహోర, పెరుగన్నం ఉంటే చేరిన పూట పొయ్యి వెలిగించక్కర్లేదు. కుక్కరు, పోపుల డబ్బా, అట్లకాడ మనమే పట్టుకెళ్లాలి. పోపు వేసే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, ఎండుమిరపకాయల ఘాటు పొగకు స్మోక్ అలారం మోగి పడుకున్న పసిపిల్లలు లేస్తారు.

మిగిలిన అన్నం, చికెన్ ఎముకలు డెక్ మీద వదలకూడదు. ఈ పార్కులో దాదాపు 1,900 నల్ల ఎలుగుబంట్లున్నాయని అంచనా. చెత్తను క్యాబిన్ బయట ఎలుగుబంట్లు తెరవలేని పెట్టెలో వేసి గొళ్లెం పెట్టాలి. కార్లో తినే వస్తువులు ఉంచకూడదు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుబంటి ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, చివరికి దాన్ని చంపేయాల్సిన పరిస్థితి రావచ్చు. మన నిర్లక్ష్యానికి దాని ప్రాణం పోవడం అన్యాయం. ఎలుగుబంటి కనిపిస్తే 150 అడుగుల దూరం పాటించాలన్నది పార్కు నియమం.

చూడటానికి వెళ్లే చోట్లు కూడా అందరికంటే మెల్లగా నడిచేవారిని బట్టే ఎంచుతాను. కువోహి శిఖరం ఎత్తు 6,643 అడుగులు. క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలిచిన ఆ కొండకు 2024లో చెరోకీల పాత పేరు తిరిగి వచ్చింది. పైకి అర మైలే అయినా గట్టి ఎక్కుడు, డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ రోడ్డు మూసి ఉంటుంది. అదే న్యూఫౌండ్ గ్యాప్‌లో అయితే 5,046 అడుగుల ఎత్తున కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, టెనెసీ, నార్త్ కరోలినా కొండలు రెండువైపులా కనిపిస్తాయి. 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ పార్కును జాతికి అంకితం చేసింది అక్కడే. ప్రవేశ రుసుము లేదు కానీ 2023 మార్చి నుంచి 15 నిమిషాలు దాటి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. రోజుకు ఐదు డాలర్లు, వారానికి పదిహేను. పైన చలి బాగా ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ల స్వెటర్లు, శాలువలు డిక్కీలో అడుగున కాకుండా చేతికందేలా పెట్టండి.

ఈసారి మీ గ్రూపులో మొదటి మెసేజ్ పెట్టేది మీరే అయితే, ఫొటోల లింకు పంపకండి. "ఎవరెవరు వస్తున్నారు, ఎవరికి ఏం కావాలి?" అని అడగండి. జవాబు ఇవ్వని పెద్దవాళ్లకు మీరే ఫోన్ చేయండి. వాళ్లందరూ సరేనన్నాకే క్యాబిన్ బుక్ చేయండి.