కెమెరాకు, ఫోనుకు నిస్తంత్రి సంధానం: ఒక విమర్శ

డిజిటల్ కెమెరాతో తీసిన బొమ్మను తీగతో పని లేకుండా ఫోనులోకి తెచ్చుకోవచ్చునని కెమెరా కంపెనీలన్నీ ప్రకటిస్తున్నవి. ఈ మాట అబద్ధం కాదు. కాని ఆ పనికి పూనుకొన్నవారిలో చాలమందికి ఎప్పుడో ఒకప్పుడు ఫోను తెర మీద ఒకే వాక్యం ఎదురవుతుంది: ‘కెమెరాతో కనెక్షన్ కుదరలేదు’. ఎందుకు కుదరలేదో ఆ వాక్యం చెప్పదు. దాని వెంట వచ్చే సలహాలు కూడ ఎక్కడ చూచినా ఒక్కటే. కెమెరాను ఆపి మరల వేయండి; ఫోనును ఆపి మరల వేయండి; యాప్‌ను తీసివేసి మరల ఎక్కించండి. కారణం తెలియని జ్వరానికి ఊళ్లో దొరికే తాయెత్తులన్నీ కట్టినట్లుంటుంది ఈ వైద్యం. జ్వరం తగ్గవచ్చును, ఏ తాయెత్తు వల్ల తగ్గిందో మాత్రం తెలియదు. మరల వచ్చిననాడు మరల అన్నీ కట్టవలసిందే.

ఈ సంధానంలోని ప్రధాన దోషం రేడియో తరంగాలలో లేదు. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన అనేక మెట్లను ఒకే మీట కింద దాచి, ఏ మెట్టు విరిగినా ఒకే సందేశం చూపే రూపకల్పనలోనే ఉన్నది. ఆ మెట్లేవో చూస్తే ఈ విమర్శ న్యాయమైనదో కాదో పాఠకులకే తెలియగలదు.

కెమెరాలో వైఫై కొత్త విషయం కాదు. 2005లోనే నికాన్ కంపెనీ కూల్‌పిక్స్ పి1 అనే చిన్న కెమెరాలో దానిని అమర్చింది. అప్పటికి ఈనాటి ఫోనులు లేవు. బొమ్మలు కంప్యూటరుకో, ప్రింటరుకో పోయేవి. 2016లో అదే కంపెనీ డి500 కెమెరాతోపాటు స్నాప్‌బ్రిడ్జ్ అనే పద్ధతిని ప్రకటించింది. ఇందులో రెండు రేడియోలు ఉంటవి. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0 ప్రమాణంలోని తక్కువ శక్తి విధానం ఒకటి, వైఫై రెండవది. బ్లూటూత్ బ్యాటరీని అంతగా తినదు గనుక ఎల్లప్పుడు మేలుకొని ఉండగలదు. వైఫై వేగం గలది, కాని విద్యుత్తును ఎక్కువగా తాగుతుంది; కనుక అవసరమైనప్పుడే లేస్తుంది.

ఈ పనివిభజన ఎంత తెలివైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా తీసిన ఒక జేపెగ్ బొమ్మ సుమారు 10 మెగాబైట్లు, అనగా 80 మెగాబిట్లు ఉంటుందనుకొందాం. ఆ తక్కువ శక్తి బ్లూటూత్ వేగం కాగితం మీద సెకనుకు 1 మెగాబిట్. ఏ ఆటంకమూ లేకున్నా ఆ బొమ్మకు 80 సెకన్లు పడుతుంది; నిజానికి అంతకంటె చాల ఎక్కువే పడుతుంది. వైఫై సెకనుకు 20 మెగాబిట్లు మోయగలిగినా 4 సెకన్లలో పని ముగుస్తుంది. అందుచేతనే స్నాప్‌బ్రిడ్జ్ తనంతట తాను బ్లూటూత్ మీద పంపేది 2 మెగాపిక్సెళ్లకు కుదించిన నకలును మాత్రమే. పూర్తి బొమ్మకు వైఫై కావలెను. ఇంతవరకు ఈ ఆలోచన మెచ్చదగినదే.

చిక్కు ఇక్కడ నుండి మొదలవుతుంది. ఫోనులో ఒక్క మీట నొక్కగానే తెర వెనుక ఐదు పనులు వరుసగా జరగవలెను. బ్లూటూత్ ద్వారా ఫోను కెమెరాను కనుగొనవలెను. ఇద్దరూ పూర్వం పంచుకొన్న రహస్య సంకేతం సరిపోవలెను. కెమెరా తన వైఫైని లేపి, దాని పేరు, పాస్‌వర్డు ఫోనుకు అందజేయవలెను. ఫోను ఆ వైఫైలో చేరి, కెమెరా ఇచ్చే చిరునామాను స్వీకరించవలెను. చివరకు యాప్ ఆ దారినే కెమెరాతో మాట్లాడవలెను. ఈ ఐదింటిలో ఏది తప్పినా బొమ్మ రాదు.

రెండవ మెట్టునే తీసుకొందాం. జతపరచినప్పుడు రహస్య సంకేతం రెండు చోట్లా నిలువ ఉంటుంది. ఒకే చీటీని రెండుగా చించి చెరొక ముక్క దాచుకొన్నట్లు అన్నమాట. ఫోను మార్చినా, కెమెరాలోని అమరికలు తుడిచివేసినా ఒక ముక్క పోతుంది. రెండవది మాత్రం మిగిలి ఉంటుంది. అప్పుడు ఒకరు పాతమిత్రునివలె పలకరిస్తే మరొకరు గుర్తుపట్టరు. యాప్‌ను తీసివేసి మరల ఎక్కించినందువల్ల ఇక్కడ ప్రయోజనం లేదు. ఆ ముక్క ఉన్నది యాప్‌లో కాదు, ఫోను బ్లూటూత్ పట్టికలో. కెమెరాలోను, ఫోను బ్లూటూత్ పట్టికలోను పాత పేరు చెరిపి, మొదటి నుండి జతపరచవలెను. ఒకవైపే చెరిపితే రోగం అలాగే ఉంటుంది.

నాలుగవ, ఐదవ మెట్ల మధ్య జరిగే పొరపాటు మరింత విచిత్రమైనది. ఇంటిలోని వైఫై రౌటర్ వెనుక ఇంటర్నెట్ ఉంటుంది. కెమెరా వైఫై వెనుక కెమెరా తప్ప మరేమీ ఉండదు. ఫోను ఏ వైఫైలో చేరినా ముందుగా ఇంటర్నెట్ ఉన్నదా అని పరీక్షిస్తుంది. లేకపోతే ఆ వైఫై పనికిరానిదని తలచి తన సంభాషణను మొబైల్ డేటా మీదికి మళ్లించవచ్చును. అప్పుడు యాప్ వేసిన ప్రశ్న పక్కనే ఉన్న కెమెరాకు చేరక సెల్ టవరు వైపు పోతుంది. వైఫై గుర్తు తెర మీద కనబడుతూనే ఉండవచ్చును. కెమెరా మాత్రం పలకదు. ‘ఇంటర్నెట్ లేదు, ఇందులోనే ఉండవలెనా?’ అని ఫోను అడిగినప్పుడు ఉండమని చెప్పడమో, కొంతసేపు మొబైల్ డేటాను ఆపడమో దీనికి మందు. విపిఎన్ నడుస్తున్న ఫోనులో దానిని కూడ ఆపి చూడవలెను.

ఈ మెట్లకు తోడు అనుమతులు అనే ద్వారాలు కొన్ని కలవు. చుట్టుపక్కల ఏ రేడియో పరికరాలున్నవో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో ఊహించవచ్చును. అందుచేత 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6లో, సమీప పరికరాలను వెదకవలెనంటే యాప్‌కు లొకేషన్ అనుమతి ఉండవలెనన్న నియమం ఏర్పడింది. 2021లో ఆండ్రాయిడ్ 12 ‘సమీప పరికరాలు’ అనే ప్రత్యేకానుమతిని తెచ్చింది. ఐఫోనులో 2020 నాటి ఐఓఎస్ 14 స్థానిక నెట్‌వర్కుకు వేరే అనుమతి కోరడం ప్రారంభించింది. బొమ్మలు దింపుకొనే యాప్ తన లొకేషన్ ఎందుకు అడుగుతున్నదని అనుమానించి ‘వద్దు’ అన్న జాగ్రత్తపరుడే ఇక్కడ శిక్ష అనుభవిస్తాడు. అతని అనుమానం తప్పు కాదు. కారణం వివరించకపోవడమే తప్పు.

తరంగాలకు కూడ దోషం లేకపోలేదు. చాల కెమెరాల వైఫై 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తుంది. అక్కడ ఒకదానిపై ఒకటి పడని మార్గాలు మూడే. పెండ్లి మంటపంలో వందల ఫోనులు చేరినప్పుడు ఆ మూడూ నిండిపోతవి. కాని రద్దీ వల్ల కలిగే లక్షణాలు వేరు. బొమ్మ నెమ్మదిగా వస్తుంది, మధ్యలో తెగుతుంది, దగ్గరకు వస్తే మెరుగవుతుంది. కెమెరా, ఫోను ఒకే బల్ల మీద ఉన్నా ప్రతిసారి మొదటిలోనే ఆగిపోతున్నదంటే తప్పు తరంగాలది కాదని దాదాపు నిశ్చయించవచ్చును.

ఇక అసలు విమర్శ. పై సంగతులలో అనేకం యాప్‌కు తెలిసినవే. అనుమతి ఉన్నదీ లేనిదీ దానికి తెలుసు. బ్లూటూత్ పలికిందీ లేనిదీ తెలుసు. ఫోను కెమెరా వైఫైలో చేరిన తరువాత జవాబు రాలేదన్న సంగతీ తెలుసు. ఇన్ని తెలిసిన యంత్రం ‘కుదరలేదు’ అని మాత్రమే అనడం, నాడి చూచిన వైద్యుడు రోగి వంటిలో బాగులేదని చెప్పి లేచిపోవడం వంటిది. ‘బ్లూటూత్ కలిసినది, వైఫైలో చేరినది, కెమెరా జవాబు మాత్రం రాలేదు’ అని మూడు ముక్కలు చూపితే సగం రోగం కుదురుతుంది.

తయారీదారుల పక్షాన చెప్పదగిన మాట ఒకటి కలదు. ఫోను నియమాలు వారి చేతిలో లేవు. అవి ఏటేటా మారుతున్నవి. 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుండి, ఆ విడుదలకు అనుగుణంగా రాసిన యాప్‌లు తమంత తాము వైఫైని వేయడానికి గాని ఆపడానికి గాని వీలులేదు. ఇది నిజమైన ఇబ్బందే. కాని చేయి కట్టివేస్తే నోరు కట్టివేసినట్లు కాదు. చేయలేని పని ఏదో చెప్పడానికి ఏ నియమమూ అడ్డు రాదు.

ఈ మౌనానికి మూల్యం విసుగు ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కరలేదు. కారణం తెలియనివాడు దొరికిన సలహానల్లా పాటించి ఫోను నెట్‌వర్కు అమరికలన్నీ తుడిచివేస్తాడు; దాచుకొన్న వైఫై పాస్‌వర్డులన్నీ వాటితో పోతవి. అంతకు మించిన నష్టం మరొకటి కలదు. తనంతట తాను వచ్చిన 2 మెగాపిక్సెల్ నకలు ఫోను తెర మీద నిండుగానే కనబడుతుంది. అసలు బొమ్మే వచ్చిందనుకొని కార్డును తుడిచివేస్తే, 24 మెగాపిక్సెళ్లలో పన్నెండవ వంతు మాత్రమే మిగులుతుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే అసలు బొమ్మ 20 అంగుళాల వెడల్పు వచ్చేది. నకలు 5 అంగుళాలు దాటి కొద్దిగా వస్తుంది. పెండ్లి మరల జరగదు. వచ్చినది నకలని యాప్ ప్రతి బొమ్మ కింద రాయవలసిన అవసరం ఇందుకే.

యాప్ మీదనే ఆధారపడడంలోని ప్రమాదానికి చరిత్రలో ఒక నిదర్శనం ఉన్నది. 2007లో ఐ-ఫై అనే కంపెనీ వైఫై ఇమిడ్చిన మెమరీ కార్డులను అమ్మింది. 2016లో ఆ కంపెనీ తన పాత కార్డులకు సేవలు నిలిపివేసింది. కార్డులలో ఏదీ చెడిపోలేదు. వాటిని అమర్చుకొనే దారి మూతపడింది. కెమెరా పదేళ్లు బతుకుతుంది. యాప్ ఆయుష్షు దానిని చేసినవారి ఇష్టం.

కనుక కెమెరా కొనేవారు సంచిలో ఒక కార్డు రీడరును కూడ ఉంచుకొనడం మంచిది. సంధానం కుదరనప్పుడు ముందు అనుమతులు, పిమ్మట రెండువైపుల పాత జత, ఆ పిమ్మట మొబైల్ డేటా, చివరకు దూరం, రద్దీ, ఈ వరుసలో చూడవలెను. ఒక్కసారికి ఒక్కటే మార్చి ఫలితం గమనించవలెను. ప్రయోగశాలలో పాటించే పద్ధతి ఇదే. అసలు బొమ్మ పూర్తిగా చేరిందని తేలేవరకు కార్డును మాత్రం తుడవరాదు.